పుట్టీ కింద నంబరు

కిందటివారం మన డాక్టరమ్మని తనిఖీ హాలు నడిమధ్యలో, నోరు తెరిచిన బానెట్టు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. కాళ్ళు పీకుతుంటాయి. ముందు ఆవిడ సంగతి చూద్దాం.

డాక్టరమ్మ అంటే సూదులు పొడిచే డాక్టరు కాదు. కాలో చెయ్యో పడిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కసరత్తులు చేయించి, తిట్టి, బుజ్జగించి మళ్ళీ నడిపించే ఫిజియోథెరపిస్టు. డాక్టరమ్మ అన్నది మావగారు ముద్దుకి తగిలించిన పేరు. దేశం మారి వచ్చాక ఎన్ని గుమ్మాలెక్కి దిగిందో, చివరికి ఒక ఆస్పత్రి సరే అంది. షరతు ఒక్కటే. సొంత కారుండాలి, దానికి ఈ దేశపు నంబరు పలకలూ ఈ దేశపు ఇన్సూరెన్సూ ఉండాలి. ఈ సాయంత్రం ఆఫీసు తలుపు వేసేలోపు చూపిస్తే రేపటినుంచి ఉద్యోగం. చూపించకపోతే ఆ ఉద్యోగం వెనక వరసలో నిలబడ్డ మనిషికి.

కారుకేం, బంగారంలాంటి కారు. ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన వంకాయ రంగు కారు. చిక్కల్లా ఒకటే. ఇన్సూరెన్సువాళ్ళు "తనిఖీ అయ్యిందా?" అంటారు. తనిఖీవాళ్ళు "ఇన్సూరెన్సు ఏదీ?" అంటారు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు. డాక్టరమ్మ ఆ ఇద్దరినీ బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చింది. మొగుణ్ణి ఇన్సూరెన్సు కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, తాను మావగారిని వెంటేసుకుని తనిఖీ హాలుకి వచ్చింది. ఇక్కడ నంబరు సరే అనగానే అక్కడికి ఫోను. అక్కడ కాగితం పుట్టగానే ఇక్కడ పలకలు.

బ్రేకులు పాసు. లైట్లు పాసు. హారనైతే మావగారే నొక్కి చూపించారు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు. ఆఖరికి ఇన్‌స్పెక్టరు బానెట్టెత్తి లోపలికి టార్చి కొట్టాడు. ఇంజను వెనక రేకు మీద ఆ వెలుతురు అటు తిరిగింది, ఇటు తిరిగింది. వేలితో తడిమాడు. నడుం నిటారుగా చేశాడు.

"తాళం ఇలా ఇవ్వండి" అన్నాడు.

అక్కడే కదా మనం ఆగింది!

ఆ ఇన్‌స్పెక్టరు నవ్వడు, కోప్పడడు. మొహం పోతపోసినట్టుంటుంది. మావగారు పొద్దున్నే ఆయనకి 'విగ్రహం' అని పేరు పెట్టేశారు. విగ్రహానికి మన భాష రాదు, మావగారికి వాళ్ళ భాష రాదు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి మాటలు మోసే పడవ డాక్టరమ్మే.

"బండి నంబరు ఎక్కడ?" అన్నాడు విగ్రహం. "ఆ రేకు మీద కంపెనీవాళ్ళు పొడిచి ఉండాలి."

"ఉంటుందండీ, అక్కడే."

"ఉండాలి. లేదు."

డాక్టరమ్మ వంగి చూసింది. రేకు అద్దంలా తళతళలాడుతోంది. తన మొహం కనిపించింది. నుదుటి మీద చెమట కూడా కనిపించింది. నంబరు మాత్రం కనిపించలేదు.

"మావయ్యా" అంది మెల్లిగా, "ఇక్కడ అంకెలుండేవి కదా, ఏమయ్యాయి?"

మావగారి మొహం మతాబులా వెలిగింది. "అబ్బ! ఇన్నాళ్ళకి ఒక్కళ్ళైనా కనిపెట్టారమ్మా!"

డాక్టరమ్మ గుండె జారి ఎక్కడో కారు కింద పడింది.

మావగారంటే మామూలు మావగారు కాదు. జన్మంతా కార్ల షెడ్డులో రంగులు పూసిన మనిషి. తమ్ముడు సొట్టలు తీసేవాడు, ఈయన సోకులు చేసేవాడు. వంకాయ రంగు ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు, ఈయన సొంతంగా కలిపింది. పూసిన ప్రతి బండికీ పెట్రోలు మూత లోపలివైపు, రంగు తడిగా ఉండగానే బొటనవేలితో ఒక ముద్ర వేస్తారు. పొద్దున విగ్రహం ఆ మూత తెరిచి, ఆ ముద్ర చూసి, "రంగులో లోపం" అని రాసుకున్నాడు. "లోపం కాదమ్మా, అది నా సంతకమని చెప్పు" అని మావగారు ఎంత మొత్తుకున్నా డాక్టరమ్మ చెప్పలేదు. ఎక్కడ సంతకం చెయ్యాలో ముందే సవాలక్ష చోట్లుండగా మళ్ళీ ఇదొకటా అని.

"ఓడవాళ్ళు మట్టి కనిపిస్తే కారు దించనివ్వరన్నారు కదా" అని మొదలెట్టారు మావగారు చేతులు నలుపుకుంటూ. "బానెట్టెత్తి మొత్తం కడిగాను. చూద్దును కదా, వెనక రేకు నిండా గుంటలు! అమ్మవారు పోసిన మొహంలా ఉంది. పరాయి దేశం పోతున్న బండి, మన పరువేం కావాలి? పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో నున్నగా లాగి, రెండు చేతులు రంగు కొట్టాను. గుంట ఒక్కటి కనబడితే చెవి కోయించుకుంటా!"

"ఆ గుంటలే నంబరు, మావయ్యా!"

"నంబరని నాకు మాత్రం తెలీదా? మనూళ్ళో ఒక్కసారి కాగితం ఆనించి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నారు, అయిపోయింది. మళ్ళీ ఎవడు చూశాడు? పెళ్ళయ్యాక శుభలేఖ ఎవరైనా చదువుతారా?"

"ఏమంటున్నాడాయన?" అన్నాడు విగ్రహం.

"ఇవాళ... ఎండ బాగా కాసిందంటున్నారు" అంది డాక్టరమ్మ.

అదే క్షణంలో మావగారు విగ్రహం వైపు తిరిగి, గాల్లో బొటనవేలితో పుట్టీ మెత్తి, అరచేత్తో సర్రు సర్రున రుద్ది, ఉఫ్ అని ఊది, తన గుండెల మీద తానే రెండుసార్లు కొట్టుకుని చూపించారు.

"ఎండకి అన్ని చేతులెందుకు?" అన్నాడు విగ్రహం.

డాక్టరమ్మ మావగారి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "మీకు దణ్ణం పెడతాను, కాసేపు చేతులు కట్టుకోండి."

"ఎందుకమ్మా? నేనే చేశానని చెప్పు. అంత పని చేస్తే నాకో పేరు రావద్దూ?"

"వస్తుంది మావయ్యా, పోలీసు స్టేషన్లో వస్తుంది! ఇక్కడ బండి నంబరు చెరిపితే నేరం!"

విగ్రహం ఈలోగా బల్ల దగ్గరికి వెళ్ళి ఎర్ర చీటీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా" అన్నాడు అటునుంచే. "నంబరు లేని బండి నాకు దొంగ బండి కిందే లెక్క. బండి తుక్కుకి పోతుంది. చెరిపింది ఎవరో తెలిస్తే, వాళ్ళు పోలీసుల దగ్గరికి పోతారు. మరోసారి అడుగుతున్నాను. ఆయనేమన్నాడు?"

అబద్ధం ఒకటి డాక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కొన్నప్పుడే ఇలా ఉంది అనేస్తే సరి. కానీ ఆవిడ పనిలో ఒక పాఠం నేర్చుకుంది. లేవని కాలుని లేస్తుందని చెప్పి రోగిని నిలబెడితే, ఆ కాలే అందరిముందూ సాక్ష్యం చెబుతుంది. పుట్టీ కింద అంకెలుండనే ఉన్నాయి. ఇవాళ కాకపోతే రేపు అవీ సాక్ష్యం చెబుతాయి.

"చెరపలేదండీ, పూడ్చారు" అంది. "ఈయన మా మావగారు. కార్లకి రంగులు వేసే పని. ఆ గుంటలు అందంగా లేవని పుట్టీ పెట్టారు. అందం కోసం చేశారండీ, ఒట్టు."

విగ్రహం వంగి ఆ రేకుని మళ్ళీ ఒకసారి తడిమి చూశాడు. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో" అన్నాడు చివరికి, "నంబరు గీకినవాళ్ళని చూశాను. రేకు కోసేసినవాళ్ళని చూశాను. అందంగా లేదని పూడ్చినవాణ్ణి చూళ్ళేదు."

"ఏమన్నాడు?" అన్నారు మావగారు ఆత్రంగా.

"మీలాంటివాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు."

మావగారు వినయంగా తల వంచారు.

"ఆ పుట్టీ ఆయన చేతే తీయించండి, మీ కళ్ళముందే" అంది డాక్టరమ్మ. మాట తడబడితే ఎక్కడ ఆగిపోతుందోనని గుక్క తిప్పుకోలేదు. "ఎంత లోతు పెట్టారో పెట్టిన చేతికే తెలుస్తుంది. కింద నంబరుండి, కాగితంతో సరిపోతే సరే. లేకపోతే ఆ చీటీ మీరే అంటించండి."

విగ్రహం గోడ గడియారం చూశాడు. కారు చూశాడు. మావగారి చేతులు చూశాడు. చేతుల్ని మాత్రం కొంచెం ఎక్కువసేపే చూశాడు. "కానివ్వండి" అన్నాడు.

కారు డిక్కీలో స్టెప్నీ లేకపోయినా ఉండొచ్చుగానీ మావగారి రంగుల పెట్టె లేకుండా ఉండదు. మరమరాల డబ్బా అంత పెట్టెలోంచి ఉప్పుకాగితం, గుడ్డపీలిక, నీళ్ళ సీసా తీశారు. చొక్కా చేతులు పైకి మడిచారు. అంతే! అప్పటిదాకా వాగుతున్న నోరు కట్టు కట్టేసినట్టు ఆగిపోయింది. కాపరానికొచ్చిన ఇన్నేళ్ళలో మావగారు మాట్లాడకుండా ఉండడం డాక్టరమ్మ చూడ్డం ఇదే మొదలు. అది చూసి ఆవిడకి అసలు భయం వేసింది.

"గట్టిగా రుద్దితే అంకె కూడా పోతుంది" అన్నారాయన గొణుగుతూ. "మెత్తగా రుద్దితే పుట్టీ పోదు. మాట్లాడించకు."

సర్ర్. సర్ర్. సర్ర్. వంకాయ రంగు పోయి కింద బూడిద రంగు పుట్టీ వచ్చింది. నీళ్ళు, గుడ్డ. మళ్ళీ సర్ర్. పక్క లైనులో కారు తనిఖీ చేయించుకుంటున్నవాళ్ళు కూడా ఇటు తొంగిచూస్తున్నారు. డాక్టరమ్మ టార్చి పట్టుకుంది. మావగారి తల అడ్డొచ్చి వెలుతురు పక్కకి పోతుంటే, విగ్రహం ఆ టార్చి తన చేతిలోకి తీసుకున్నాడు.

పుట్టీలోంచి సన్నగా ఒక గీత బయటపడింది. ఆ గీత వంపు తిరిగి అక్షరమైంది. పక్కన ఇంకోటి. ఆకుల మధ్య సొరపిందెలు కనిపించినట్టు ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ కాగితం చూసి చదువుతోంది, విగ్రహం రేకు చూసి తలాడిస్తున్నాడు. సరి. సరి. సరి. ఆఖరి అంకె దగ్గర పుట్టీ గట్టిగా పట్టేసింది. మూడులా ఉంది, ఎనిమిదిలా ఉంది. కాగితం మీద ఎనిమిది. మావగారు ఉప్పుకాగితం పక్కన పడేసి, బొటనవేలి గోరుతో, నిద్రపోయే పిల్లాడి కంటి పుసి తీసినంత సుతారంగా గీకారు.

ఎనిమిది!

డాక్టరమ్మ కెవ్వున అరిచి మావగారి భుజం పట్టుకుని గంతేసింది. పక్క లైనువాళ్ళు ఎందుకో తెలీకుండానే చప్పట్లు కొట్టారు. విగ్రహం ఎర్ర చీటీ బల్ల సొరుగులో పడేసి, అల్మరా తెరిచి కొత్త పలకలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లగా, నిగనిగలాడుతూ, అప్పుడే పుట్టిన కవలల్లా ఉన్నాయి.

"ఇన్సూరెన్సు కాగితం రానివ్వండి. ఇవి మీవే" అన్నాడు. మూతి చివర ఏదో కదిలింది. నవ్వే అయ్యుంటుంది.

"ఇప్పుడైనా చెప్పు, వేలిముద్ర నా సంతకమని" అన్నారు మావగారు.

ఈసారి చెప్పింది. విగ్రహం 'లోపం' అన్న మాట కొట్టేశాడు కూడా.

ఫోను మోగింది. మొగుడు. డాక్టరమ్మ అందరికీ వినపడేలా పెట్టి, "పాసయ్యాం! నంబరు సరే అన్నారు, కాగితం రాయించెయ్యండి!" అని అరిచింది.

అవతలనుంచి సంబరం రాలేదు. "రాయడం కుదరదంటోంది ఇక్కడావిడ" అన్నాడు మొగుడు. "ఈ నంబరు కారుకి ఇన్సూరెన్సు ఇప్పటికే ఉందట."

"మనం ఇంకా కట్టందే ఎలా ఉంటుంది?"

"మనది కాదు. ఇదే నంబరుతో ఇంకో కారుంది. ఈ ఊళ్ళోనే తిరుగుతోంది. ఫొటో కూడా చూపించింది." గొంతు తగ్గించాడు. "నాన్నా, అది వంకాయ రంగు."

మావగారి చేతిలోంచి గుడ్డపీలిక కింద పడింది.

"దాని ఆసామి పక్క వీధిలోనే పని చేస్తాడట. ఈవిడ ఫోన్ చేసి పిలిచింది. వస్తున్నాడు. మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు.

విగ్రహానికి చెప్పక తప్పలేదు. ఆయన పలకలు రెండూ తిరిగి తన ముందుకి జరుపుకుని, వాటి మీద అరచెయ్యి పెట్టుకు కూర్చున్నాడు.

"మావయ్యా" అంది డాక్టరమ్మ, "ఆ రంగు ఇంకెక్కడా దొరకదన్నారు కదా!"

"దొరకదు." ఆయన కారు బంపరు మీద కూలబడ్డారు. "ఒకే డబ్బా కలిపాను. సగం దీనికి పూశాను. మిగతా సగం మా తమ్ముడు పట్టుకుపోయాడు."

రేకులు కొట్టే ఆ తమ్ముడు అన్నతో మాటా మాటా అనుకుని షెడ్డు వదిలి పోయాడనీ, ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదనీ ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు గొడవపడ్డారో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మావగారు జోకు వేస్తారు, ఆ జోకుకి ఎవరూ నవ్వరు.

"గుద్దుకున్న కార్లు రెండు కొన్నామమ్మా, ఒకే రకానివి" అన్నారాయన నేల చూస్తూ. "ఒకటి ఇదిగో ఇది. రెండోదానికి ముందు సగం నుజ్జునుజ్జు. నంబరున్న రేకే లేదు. నంబరు లేని బండి రోడ్డెక్కదురా అన్నాను. నేనెక్కిస్తా చూడు అన్నాడు. అక్కడ మొదలైంది గొడవ. పోతూ పోతూ ఆ బండీ తోసుకుపోయాడు, నా రంగూ పట్టుకుపోయాడు."

"అంటే మన నంబరే చూసి, దాని మీద..."

"వాడి సుత్తి దెబ్బ నీకు తెలీదు. కంపెనీవాడు కూడా పోల్చుకోలేడు."

ఫోను మళ్ళీ మోగింది.

"నాన్నా!" మొగుడి గొంతు ఆయాసపడుతోంది. "బాబాయే! గడ్డం నెరిసిపోయింది గానీ బాబాయే! కారు బయట ఆపి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు."

మావగారు లేచి నిలబడ్డారు. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. "ఉన్నాడా వెధవ! ఈ ఊళ్ళోనే ఉన్నాడా! ఒరేయ్, ఆ కారు పెట్రోలు మూత తీసి చూడు."

"ఇప్పుడు అదెందుకు నాన్నా?"

"తీసి చూడరా!"

అడుగుల చప్పుడు. మూత తీసిన టక్కుమన్న చప్పుడు. డాక్టరమ్మ ఫోను మీదికి వంగింది. విగ్రహానికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన కూడా మెడ ముందుకి చాచాడు.

"ముద్ర ఉంది నాన్నా. కానీ చిన్నది. చిక్కుడుగింజంత. బాబాయిది కాదు." కారు తలుపు తెరిచిన చప్పుడు. "వెనక సీట్లో ఒక పాప ఉంది. దీని వేలే అయ్యుంటుంది."

"రంగు పాడుచేసుకునే పిచ్చి నీదని నన్ను ఎక్కిరించేవాడమ్మా" అన్నారు మావగారు. "చూశావా, కూతురి చేత వేయించాడు!" అని పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు.

విగ్రహం లేచి వచ్చాడు. "ఆ రెండో బండిని మీ మావగారు ఎరుగునా?" అన్నాడు.

"ఎరుగునండీ, రెండూ ఆయన షెడ్డు బండ్లే" అంది డాక్టరమ్మ. దాచడానికి అక్కడేమీ మిగల్లేదు.

"అయితే వినండి. రెండు నంబర్లలో ఒకటి చేత్తో కొట్టింది. కంపెనీకి రాస్తే తేలుతుంది గానీ నెలలు పడుతుంది, అప్పటిదాకా రెండు బండ్లూ నా దగ్గరే. లేదా ఆ బండ్లని బాగుచేసిన మనిషి ఇప్పుడే, నా ముందు చెప్పి సంతకం పెట్టాలి. అసలు బండికి ఈ నిమిషంలోనే పలకలిస్తాను. దొంగ నంబరు కొట్టినవాణ్ణి పోలీసులు చూసుకుంటారు. అడగండి. ఏది దొంగది?"

డాక్టరమ్మకి బల్ల మీది పలకలు కనిపిస్తున్నాయి. గోడ గడియారం కనిపిస్తోంది. ఒక్క మాట, అదీ నిజమైన మాట, చెబితే చాలు. రేపు పొద్దున తాను ఎవరింటి తలుపో తట్టి, ఎవరి చెయ్యో పట్టుకుని లేపుతుంది.

మాట మార్చకుండా ఉన్నదున్నట్టు మావగారికి చెప్పింది. "నిజం చెప్పెయ్యండి, మావయ్యా" అని తన మాట కూడా ఒకటి కలిపింది.

మావగారు కారు పెట్రోలు మూత తెరిచి, తన పాత వేలిముద్ర మీద బొటనవేలు ఆనించారు. సరిగ్గా సరిపోయింది. మూత వేసి విగ్రహం ముందుకొచ్చి నిలబడ్డారు. పొద్దున్నుంచీ పేరు రావాలని తాపత్రయపడ్డ మనిషి, ఆ నవ్వుతోనే, ఆ గొంతుతోనే అన్నారు.

"చెప్పమ్మా, డాక్టరమ్మా. దొంగ నంబరు మన కారుదేనని చెప్పు. కొట్టింది నేనేనని చెప్పు."

"ఏమన్నాడాయన?" అన్నాడు విగ్రహం, కలం మూత తీసి.

డాక్టరమ్మ నోరు తెరిచింది.